నాలుగు గళ్లలో సున్నా

అక్కకి పెళ్లయిన మొదటి నెలలోనే మరదలి కోపం రుచి చూసి బావ ఆమెకి అగ్గిపుల్ల అని పేరు పెట్టాడు. ఆ పేరు ఇంట్లోంచి ఎప్పుడు బయటపడిందో, ఎలా పాకిందో గానీ ఆఫీసుదాకా వచ్చేసింది. మొహం మీద పిలిచే ధైర్యం ఎవరికీ లేదు. ఆమె అటు తిరగ్గానే మాత్రం అందరికీ అగ్గిపుల్లే. ఆ సంగతి ఆమెకి తెలుసు. అందులో అబద్ధమేమీ లేదు కనుక ఊరుకుంది.

ఆ బుధవారం మధ్యాహ్నం బావ ఫోన్ చేసేసరికి ఆమె అప్పటికే ఒకడి మీద మండిపడుతోంది. వాడు రాసిన కోడ్ ఆమె వెనక్కి పంపడం అది మూడోసారి. బావ పేరు చూసి ఫోన్ ఎత్తాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించింది. అక్కతో మాటల్లేక ఎనిమిది నెలలైంది. బావ కూడా మధ్యలో ఎందుకొచ్చిన గొడవ అనుకుని తప్పుకున్నాడు.

"శుక్రవారం ఎంక్వైరీ పెట్టారు," అన్నాడు బావ. "ఉద్యోగం తీసేసేలా ఉన్నారమ్మా."

"ఎవరిది?"

"మీ అక్కదే. ఇంకెవరిది."

అక్కది రేకులు అచ్చుగొట్టే ప్రెస్సు మీద పని. పంతొమ్మిదేళ్లుగా అదే షెడ్డు, అదే మెషీను. పదిరోజుల కిందట ఆమె దారికి వీపు పెట్టి రేకులు సర్దుకుంటుంటే ఫోర్క్‌లిఫ్టు బండి వెనక్కి వచ్చిందట. వెనక్కి వచ్చేటప్పుడు ఆ బండి కీ కీ మని మొత్తుకుంటూ వస్తుంది. ఆ మోతకి షెడ్డంతా పక్కకి తప్పుకుంటుంది. అక్క తప్పుకోలేదు. ఆఖరి క్షణంలో ఆమెని చూసి డ్రైవరు బండిని పక్కకి కోశాడు. అది పోయి ర్యాకుని గుద్దింది. డ్రైవరు భుజం ఎముక విరిగింది.

"వినపడలేదంటోంది," అన్నాడు బావ. "వాళ్లేమో మూడేళ్ల చెవి పరీక్ష కాగితాలు బల్లమీద పెట్టారు. ఏటా పరీక్ష చేస్తారుగా. మూడింట్లోనూ చెవులు భేషుగ్గా ఉన్నాయని ఉంది. అంటే విని కూడా కదల్లేదని వాళ్ల లెక్క. పొగరుతో నిలబడింది, ఓ మనిషి భుజం విరగ్గొట్టింది అంటున్నారు."

"నువ్వేమంటావు?"

"నేనేం అనను. పిలిస్తే తను పలక్కపోవడం నాకూ అలవాటైపోయింది."

అగ్గిపుల్లకి ఆ మాట లోపల ఎక్కడో తృప్తిగా తగిలింది. ఆ తృప్తికి ఆమె తర్వాత చాలా సిగ్గుపడింది, కానీ ఆ నిమిషంలో మాత్రం తగిలింది. అక్క అంతే. వినదలుచుకోకపోతే వినదు. ఎనిమిది నెలల కిందట తనకి జరిగింది అదే.

ఆ రోజు అక్క వంటింట్లో గిన్నెలు తోముతోంది. చెల్లెలు గుమ్మం దగ్గర నిలబడి, ఆ మాట నోట్లోంచి రావడానికి పావుగంట పట్టి, చివరికి చెప్పింది. మూడో నెలలో కడుపు పోయిందక్కా అని. అక్క వెనక్కి తిరగలేదు. చేతిలో గిన్నె కడిగి బోర్లించి, "ఆ మూత ఇలా అందుకో," అంది. చెల్లెలు మూత అందించి, చెప్పులు వేసుకుని వచ్చేసింది. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

"ఈ ఏటి కాగితం ఫొటో పంపు బావా," అంది.

ఫొటో వచ్చింది. దాన్ని పెద్దది చేసి చూడగానే మొదట కంటపడింది పై మూలనున్న గుర్తు. అది తను పనిచేసే కంపెనీదే. చెవి పరీక్ష మెషీను తయారుచేసేది పక్క గదిలోని వాళ్లే. దాని కింద ఎనిమిది గళ్లు. ఇరవై, ఇరవై, ఇరవై అయిదు, ముప్పై. ఆ తర్వాత సున్నా, సున్నా, సున్నా, సున్నా.

చెవి పరీక్షలో సున్నా అంటే ఏమీ లేదని కాదు, ఇది తెలియాలి. బొంగురు శబ్దం నుంచి కీచు శబ్దందాకా ఎనిమిది రకాల మోతలు ఒక్కొక్కటే చెవిలో వినిపిస్తారు. వినపడగానే మీట నొక్కాలి. ఎంత మెల్లటి మోతకి నొక్కితే అంత చిన్న అంకె. కాబట్టి సున్నా అంటే చీమ చిటుక్కుమన్నా వినగలిగే చెవి. ఇంతకంటే మంచి చెవి కోరుకోనక్కర్లేదన్నమాట. ప్రెస్సు పక్కన నిలబడే మనిషి ముందుగా పోగొట్టుకునేది సరిగ్గా ఆ చివరి నాలుగు కీచు మోతల్నే. పంతొమ్మిదేళ్లు రేకుల మోతలో నానిన చెవికి, మామూలు మోతల దగ్గర ముప్పై వచ్చి, కీచు మోతల దగ్గర వరసగా నాలుగు సున్నాలా? పసిపిల్లలకి కూడా రావు.

అగ్గిపుల్ల కుర్చీ వెనక్కి తోసి లేచింది. ఆ చప్పుడుకి, మూడోసారి కోడ్ వెనక్కి వచ్చిన అతను తన కోసమే అనుకుని సర్దుకు కూర్చున్నాడు. అతని అదృష్టం బాగుండి ఆమె పక్క గదికి వెళ్లింది.

పక్క గదిలో చెవి మెషీను ప్రోగ్రాము చూసే పెద్దమనిషి పేరు సరేగారు. ఏ పని చెప్పినా సరే అంటాడు కాబట్టి ఆ పేరు. చేశాడా లేదా అన్నది వేరే సంగతి. ఆయన కూర్చున్న బల్ల మీద పరీక్ష మెషీను, దాని హెడ్‌ఫోన్లు, పక్కన సగం తాగిన టీ ఉన్నాయి.

"ఈ నాలుగు సున్నాలూ ఎక్కణ్నుంచి వచ్చాయి?" అని ఫోన్ ఆయన కళ్లముందు పెట్టింది.

"సరే, చూద్దామండీ," అన్నాడాయన. మెషీను నంబరు కొట్టి, ఆ పరీక్ష తాలూకు అసలు రికార్డు తీశాడు. అందులో ఉన్నవి నాలుగంటే నాలుగే అంకెలు. ఇరవై, ఇరవై, ఇరవై అయిదు, ముప్పై. మిగతా నాలుగు మోతలు అసలు వినిపించనే లేదు. పరీక్ష చేసినవాళ్లు సగంలో ఆపేసి తర్వాతి మనిషిని పిలిచారు.

"మరి కాగితం మీద ఎనిమిది ఎలా వచ్చాయి?"

"అంకెల్ని కలుపుతూ స్క్రీను మీద గీత గీయాలంటే ఎనిమిది ఉండాలి కదండీ. తక్కువుంటే స్క్రీను పాడైపోయేది. అందుకని ఎనిమిది అయ్యేదాకా నింపేస్తాం."

"సున్నాతోనా?"

"మేం సున్నా అనలేదండీ. మేం ఏమీ అనలేదు." సరేగారు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని కోడ్‌లో ఆ లైను తెరిచి చూపించాడు. "మీ లైబ్రరీయే నింపింది."

లైబ్రరీ అంటే కంపెనీలో అందరూ తెచ్చి వాడుకునే రెడీమేడ్ కోడ్; అందులో ఆ ఫంక్షను ఆమె చేతిదే. కంపెనీలో ఎవరికి ఏ వరుస పొట్టిగా ఉన్నా, దాన్ని కావలసినంత పొడుగు చేసి ఇచ్చే ఫంక్షను. జెనరిక్ అంటారు దాన్ని. గళ్లలో పెట్టే సరుకు ఏ రకమైనా దానికి ఒకటే. అంకెలు పోయండి, పేర్లు పోయండి, అవును-కాదులు పోయండి, నోరెత్తి అడగదు. ఎంత పొడుగు కావాలో, ఖాళీ గళ్లలో ఏం నింపాలో రెండు ముక్కలు చెబితే చాలు.

"ఏం నింపాలో చెప్పలేదేం మరి?"

"చెప్పక్కర్లేదని రాసుంది కదండీ." సరేగారు లైబ్రరీ తాలూకు వివరణ తెరిచి, వేలుపెట్టి చూపిస్తూ చదివాడు. "'ఏం నింపాలో తెలుపని పక్షంలో ఆ రకానికి సహజమైన ఖాళీ విలువతో నింపబడును.' మీరే రాశారు. కింద మీ పేరుంది."

నింపబడునట. ఆ మాట చూడగానే అగ్గిపుల్లకి అరికాలి మంట నెత్తికెక్కింది.

మూడేళ్ల కిందట ఆమె దాన్ని మొదట రాసినప్పుడు ఈ సదుపాయం లేదు. ఏం నింపాలో చెప్పి తీరాలి. చెప్పకపోతే ప్రోగ్రాము తయారే కాదు, ఎర్రటి అక్షరాలతో ఆగిపోతుంది. నెల తిరక్కుండానే అందరూ సణగడం మొదలెట్టారు. ప్రతిసారీ చెప్పాలా, తనంతట తానే ఏదో ఒకటి పెట్టుకోలేదా, ఆ మాత్రం తెలివి దానికుండదా అని. ఒక మధ్యాహ్నం ఆమె విసుగెత్తి ఆ తెలివి పెట్టింది. అక్షరాలైతే ఏమీ లేని మాట. అవును-కాదులైతే కాదు. అంకెలైతే సున్నా. చూడముచ్చటగా కుదిరింది. నలభైమందిని కూర్చోబెట్టి దాని గురించి గంటసేపు మాట్లాడితే చప్పట్లు కూడా కొట్టారు. ఖాళీ అంటే సున్నా అని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆమే అనేసుకుంది.

తన మీద తాను కోప్పడటం ఆమెకి అలవాటు లేని పని. ఎదటివాళ్ల మీదైతే మాట అనేసి చల్లబడొచ్చు. దీనికి ఆ దారి లేదు. సరేగారిని నాలుగు తిట్టాలని నోరు తెరిచింది గానీ ఏమని తిట్టాలో తెలియలేదు. ఆయన చేసింది ఆమె చెప్పినట్టు వినడమే.

అప్పుడే వంటింటి సంగతి తట్టింది. పంపు తిప్పి ఉంది. అక్క వీపు ఇటువైపుంది. కీచు మోతలు పోయిన చెవికి ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది గానీ, మాటలో సగం అక్షరాలు ఊడిపోతాయి. నీళ్ల చప్పుడుంటే మిగతా సగం కూడా పోతుంది. ఈ సంగతి చెవి మెషీను తయారుచేసే చోట టీ తెచ్చే ఆవిడకి కూడా తెలుసు. తనకీ తెలుసు. అయినా ఎనిమిది నెలలపాటు తట్టలేదు, ఎందుకంటే అక్క ఏటా, నా చెవులు బంగారం అని కాగితం ఊపుతూ వచ్చింది. ఆ కాగితం మీద గళ్లు నింపింది తనే.

అగ్గిపుల్ల తన బల్ల దగ్గరికి వచ్చి, కూర్చోకుండా నిలబడే, ఆ సదుపాయాన్ని పీకేసింది. ఇక మీద ఏం నింపాలో చెప్పాల్సిందే. పరీక్ష గళ్ల రకాన్ని కూడా మార్చింది. ఇదివరకు ఆ గడిలో అంకె తప్ప ఇంకేమీ పట్టేది కాదు. ఇప్పుడు అంకె అయినా ఉండొచ్చు, 'కొలవలేదు' అన్న గుర్తయినా ఉండొచ్చు. పొట్టి వరుస వస్తే ఆ గుర్తుతోనే నిండాలి, గీత కూడా అక్కడ తెగిపోవాలి. మొత్తం కలిపి పదకొండు లైన్లు. అరగంటలో అయింది. ఆ అరగంట పని మూడేళ్ల కిందట చేసి ఉండాల్సింది.

మార్పు లోపలికి వెళ్లిన పది నిమిషాలకి కంపెనీలో పద్నాలుగు ప్రోగ్రాములు ఎర్రబడి ఆగిపోయాయి. ఏం నింపాలో చెప్పని చోట్లు పద్నాలుగున్నాయన్నమాట. పదకొండో నిమిషాన పెద్దసారు పిలిచాడు.

పెద్దసారు గొంతు పెంచడు. ఆయన మెత్తగా మాట్లాడేకొద్దీ ఎదటివాళ్లకి ఒళ్లు మండుతుంది. "కూర్చో," అన్నాడు. ఆమె కూర్చోలేదు. చెప్పాల్సిందంతా నిలబడే చెప్పింది.

"అర్థమైంది," అన్నాడాయన. "వచ్చే వెర్షన్లో పెడదాం. ప్రస్తుతానికి వెనక్కి తీసెయ్. అందరి పనీ ఆగిపోయింది."

"బయట ఉన్న కాగితాల సంగతేంటి సార్? ఒక్క మా అక్క ఫ్యాక్టరీలోనే రెండొందల మంది. ఇలాంటి ఫ్యాక్టరీలు ఎన్నో. వాళ్లందరికీ చెవులు బాగున్నాయని రాసిచ్చాం."

"మనం రాయలేదు. వాళ్లు పరీక్ష పూర్తిచేయలేదు. చేసిన నాలుగూ కరెక్టే కదా."

"చేయని నాలుగూ చేసినట్టు చూపించాం కదా."

"అది వాడేవాళ్లు చూసుకోవాలి. పుస్తకంలో రాసే ఉంది."

"ఏ పుస్తకంలో?" అంది ఆమె. "ప్రోగ్రాము రాసేవాళ్ల పుస్తకంలో రాశాను సార్, నేనే రాశాను. ప్రెస్సు తొక్కేవాళ్లు చదివే పుస్తకంలో రాయలేదు. అక్కడ నర్సుకి తెలీదు, మా అక్కకి తెలీదు, మా బావకి తెలీదు. ఈ బిల్డింగులో నలభైమందికి తెలుసు, నలభైమందీ చప్పట్లు కొట్టాం. మీరూ కొట్టారు."

పెద్దసారు కిటికీలోంచి బయటికి చూశాడు. ఫ్యాక్టరీలన్నిటికీ తప్పు జరిగిందని ఉత్తరాలు పంపడమంటే చిన్న విషయం కాదన్నాడు. పైవాళ్లని అడగాలన్నాడు. కూల్ అవ్వమన్నాడు. ఆఖర్న, "శుక్రవారం వెళ్తానంటే సెలవు పెట్టుకుని వెళ్లు. చెల్లెలిగా వెళ్లు. కంపెనీ పేరెత్తకు," అన్నాడు.

"చెల్లెలిగా వెళ్తే ఆ సున్నా ఎవరు పెట్టారని చెప్పను?" అని అడిగి బయటికి వచ్చేసింది.

మిగతా పదమూడు ప్రోగ్రాముల కోసం మార్పుని వెనక్కి తీసింది. చెవి మెషీనుది మాత్రం తీయలేదు. తీయమని ఆమెకి చెప్పాల్సినవాడు సరేగారు. ఆయన ఆమె మొహం చూసి, సరే అన్నాడు.

సాయంత్రం అక్క ఇంటికి వెళ్లింది. బావ తలుపు తీసి, ఏమీ అనకుండా పక్కకి జరిగాడు. అక్క వంటింట్లో బల్ల ముందు కూర్చుని ఎంక్వైరీలో ఇవ్వడానికి కాగితం రాసుకుంటోంది. వెనక ఫ్రిజ్ మీద ఈ ఏడాది పరీక్ష కాగితం అయస్కాంతంతో అంటించి ఉంది. ఆ ఇంట్లో ఎవరు ఏం గొణిగినా, అక్క తిరిగి ఆ కాగితం వైపు చెయ్యి చూపించేది. నా చెవులకేం రోగం లేదు, మీరే నోట్లో నోట్లో మాట్లాడి చస్తున్నారు అని.

"ఎవరు చచ్చారని వచ్చావు?" అంది అక్క. ఆ గొంతు కావలసినదానికంటే పెద్దదిగా ఉంది. ఎప్పటినుంచి అంత పెద్దదైందో చెల్లెలు ఇన్నాళ్లూ గమనించలేదు.

చెల్లెలు ఎదురు కుర్చీలో కూర్చుంది. "నీకు వినపడట్లేదక్కా."

"ఆ కాగితం చదువుకో."

"అది తప్పు. పరీక్ష సగమే చేశారు. మిగతా సగం మెషీను తనంతట తాను సున్నాలు పెట్టింది. పెట్టమని దానికి నేర్పింది నేను."

అక్కకి ఒక పట్టాన ఎక్కలేదు. రెండుసార్లు చెప్పించుకుంది. మూడోసారికి బావ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అంతా ఎక్కాక అక్క మొహంలో చెల్లెలు ఎదురుచూసిన ఊరట రాలేదు.

"మూడేళ్లు," అంది అక్క. "మూడేళ్లనుంచీ నాకు మతి పోతోందనుకుంటున్నాను. చెవి బాగుంది, కాగితం మీద రాసుంది, అయినా ఎవరేం చెప్పినా ముక్క అర్థం కాదు. అంటే బుర్రే కదా పాడైంది? ఎవరికి చెప్పుకోను? అరిచి నెగ్గుకొచ్చాను. మతిమరుపు డాక్టరు నంబరు రాసుకుని, డబ్బాలో దాచుకుని, వెళ్లడానికి భయపడి ఊరుకున్నాను. నీ ముద్దుల మెషీను వల్ల."

"అక్కా—"

"ఏం అక్కా? పెద్ద ఉద్యోగం, పెద్ద చదువు. తెలీనప్పుడు తెలీదని రాయడం చేతకాలేదా మీకు?"

చెల్లెలి దగ్గర ఇంకో మాట ఉంది. దాన్ని కూడా ఇప్పుడే చెప్పేయాలనిపించింది, లేకపోతే ఇక ఎప్పటికీ నోరు పెగలదు. "ఆ రోజు నువ్వు గిన్నెలు తోముతుంటే నీకో మాట చెప్పాను. నాకు కడుపు పోయిందని. నువ్వు మూత అందుకోమన్నావు."

అక్క కలం కింద పెట్టింది. బావ తలుపు పట్టుకుని ఉండిపోయాడు. అతనికీ ఆ సంగతి తెలియదు.

"ఎక్కడ నిలబడి చెప్పావు?"

"గుమ్మం దగ్గర."

"నా వెనక."

"ఊ."

అక్క లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి చెల్లెలి భుజం మీద ఒక్కటి చరిచింది. గట్టిగానే చరిచింది. "ఇంత మాట నా వీపుకి చెప్పి, నేను పలకలేదని ఎనిమిది నెలలు నా మొహం చూడవా? పట్టుకుని ఇటు తిప్పడానికి చేతుల్లేవా నీకు? కోపం ఉంటే సరిపోతుందా?" చరిచిన చేతిని తీయకుండా ఆ భుజాన్ని అలాగే పట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు. బావ స్టవ్ వెలిగించి టీ నీళ్లు పెట్టాడు, ఏం చేయాలో తెలియక.

శుక్రవారం ఎంక్వైరీ మేడమీద గదిలో పెట్టారు. కిటికీలు మూసినా కింద షెడ్డు మోత నేలలోంచి పాదాలకి తెలుస్తోంది. సేఫ్టీ ఆఫీసరు, ఒక గుమస్తా, పరీక్షలు చేసే నర్సు కూర్చుని ఉన్నారు. చేతిని గుడ్డతో మెడకి కట్టుకుని డ్రైవరు ఓ మూల కూర్చున్నాడు. అతను అక్క వైపు చూడలేదు. బావని వరండాలోనే ఆపేశారు.

"మీరెవరు?" అన్నాడు ఆఫీసరు.

"ఈమె చెల్లెల్ని. మీ చెవి మెషీనులో ఆ సున్నాలు పెట్టింది కూడా నేనే."

పెద్దసారు మాట అంతటితో గాలికి పోయింది. ఆమె నర్సుని అడిగింది, పరీక్ష సగంలో ఎందుకు ఆపేస్తారని. నర్సు ఆశ్చర్యపోయింది. "షిఫ్టు మారే టైములో అరవైమంది లైన్లో ఉంటారండీ. నాలుగు చేస్తే చాలు, మిగతావి మెషీనే లెక్కగట్టుకుని నింపుకుంటుంది కదా," అంది. మొదటి నాలుగింటినిబట్టి మెషీను చివరి నాలుగూ అంచనా కడుతుందని ఆమె మూడేళ్లుగా నమ్ముతోంది. తెల్లారి లేస్తే ఆ నమ్మకంతోనే అందరికీ సంతకాలు పెడుతోంది. ఆమెని ఏమనాలో అగ్గిపుల్లకి మళ్లీ తెలియలేదు. ఇంత కోపం పెట్టుకుని, దించడానికి చోటు దొరక్కపోవడం ఆమెకి ఆ వారంలో అది రెండోసారి.

"చెల్లెలు కాబట్టి చెబుతారు లెండి," అన్నాడు ఆఫీసరు. "మెషీను తప్పంటారు. మరి నిజమేంటో ఎలా తెలుస్తుంది?"

"ఎనిమిదీ పెట్టండి. ఇక్కడే. ఇప్పుడే."

నర్సు మెషీను తెచ్చింది. దాంట్లో కొత్త ప్రోగ్రాము ఎక్కించి, ఆగిపోయిన గళ్లు ఇక ఖాళీగానే కనిపిస్తాయని అగ్గిపుల్ల చూపించింది. అక్క కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఉతికిన చొక్కా, బిగించి కట్టిన జుట్టు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మీట మీద బొటనవేలు ఉంచి, నర్సు మొహం చూస్తూ కూర్చుంది. కళ్లు మూసుకోమన్నారు. మూసుకుంది.

మొదటి మోతకి నొక్కింది. రెండోదానికి, మూడోదానికి నొక్కింది. నాలుగోది కాస్త ఆలస్యంగా నొక్కింది. పాత కాగితంలో ఉన్న అంకెలే దాదాపుగా వచ్చాయి. ఆఫీసరు గుమస్తా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశాడు.

అయిదోది మొదలైంది. నర్సు మెల్లగా మెషీను నాబ్ తిప్పుతూ శబ్దం పెంచుతోంది. అక్క కదల్లేదు. నలభై దాటింది, యాభై దాటింది. అరవై అయిదు దగ్గర, హెడ్‌ఫోన్ల అంచుల్లోంచి ఆ కీచు గదిలోకి కారడం మొదలైంది. ముందు దగ్గరగా ఉన్న నర్సుకి వినపడింది. డెబ్భై దాటాక గుమస్తాకి వినపడింది. ఎనభై దగ్గర ఆఫీసరు చేతిలో కలం ఆగింది. గది మూలనున్న డ్రైవరు ఆ మోతకి మొహం చిట్లించి, బాగున్న చేత్తో ఒక చెవి మూసుకున్నాడు. అక్క మాత్రం కళ్లు మూసుకుని, బొటనవేలు మీట మీదే ఉంచుకుని, శ్రద్ధగా ఎదురుచూస్తోంది.

కాసేపటికి ఆమె కళ్లు తెరిచింది. "నేను రెడీ అండీ," అంది. "మొదలెట్టండి."

అక్క ఒక్కొక్క మొహం చూసుకుంటూ వచ్చింది. డ్రైవరు చెవి మీద చెయ్యి చూసింది. హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుని, వాటివైపు చూసి, తర్వాత చెల్లెలి వైపు చూసింది.

"ఇది మోగుతోందా?"

"మోగుతోందక్కా."

నర్సు గబగబా ఆపబోయింది. ఆఫీసరు గొంతు సవరించుకుని, ఇక చాలు, సంగతి తెలిసిపోయింది, మిగతాది రాసుకుందాం అన్నాడు. ఆమెని షెడ్డులోంచి మార్చాల్సి ఉంటుందని కూడా అన్నాడు, ఎంతో దయ చూపిస్తున్నట్టు. డ్రైవరు లేచి నిలబడ్డాడు గానీ మళ్లీ కూర్చున్నాడు. అగ్గిపుల్ల ఆఫీసరు మీద విరుచుకుపడబోయింది. అక్క చెయ్యి ఎత్తి ఆపింది.

"చాలని మీరెవరు చెప్పడానికి?" అంది అక్క ఆఫీసరుతో. గొంతు అదే, పెద్ద గొంతు. కానీ ఎప్పుడూ ఇంట్లో విన్న అరుపు కాదది. "మూడేళ్లనుంచీ చాలు చాలని సగంలో లేపేశారు. ఈ కాగితం మీద ఒక్క గడి ఖాళీగా ఉన్నా నేను సంతకం పెట్టను. నా తర్వాత కింద ఉన్న రెండొందల మందినీ ఇలాగే ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఎనిమిదీ పెట్టాలి. అది కూడా రాసుకోండి."

గుమస్తా ఆఫీసరు వైపు చూశాడు. ఆఫీసరు తల దించుకున్నాడు. గుమస్తా రాసుకున్నాడు.

అక్క హెడ్‌ఫోన్లు మళ్లీ చెవులకి తగిలించుకుంది. బొటనవేలు మీట మీద పెట్టింది. "ఇంకా మూడున్నాయి కదమ్మా. కానివ్వు," అని నర్సుకి చెప్పి కళ్లు మూసుకుంది.

నర్సు ఆరోది పెట్టింది, ఏడోది పెట్టింది, ఎనిమిదోది పెట్టింది. మెషీను ఎంత అరవగలదో అంతా అరిచింది. ఆ మూడింటికీ అక్క బొటనవేలు కదల్లేదు.